మడత సైకిల్‌కి ఏడు ఆదివారాలు

"అలా నొక్కకండి. అది సైకిల్ టైరు, మామిడిపండు కాదు."

ప్రవీణ్ ఉలిక్కిపడి బొటనవేలు వెనక్కి తీసుకున్నాడు. నడుము మీద చేతులు పెట్టుకుని ఎదురుగా నిలబడ్డ అమ్మాయి పేరు వెంకటలక్ష్మి. మడత సైకిల్ అమ్మకానికి ఉందని ఆగిరిపల్లి వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టింది ఆమే. ఫొటోలో సైకిల్ ఒక్కటే ఉంది. మనిషి కూడా ఉండుంటే ప్రవీణ్ ఆ ఆదివారం ఇంకొంచెం మంచి చొక్కా వేసుకొచ్చేవాడు.

ప్రవీణ్ నూజివీడులో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాడు. ఆగిరిపల్లిలో గది. పొద్దున్నే బస్సెక్కి నూజివీడులో దిగి, అక్కణ్ణుంచి కాలేజీకి ఆటోలో ఏడుగురి మధ్య ఎనిమిదోవాడిగా వేలాడుతూ వెళ్తాడు. మడిచి బస్సులో పెట్టుకునే సైకిల్ ఉంటే ఈ బాధ తప్పుతుందని అతనికి జనవరిలో జ్ఞానోదయమైంది. ఇప్పుడు ఏప్రిల్. కొత్తది కొనాలా, పాతది కొనాలా అన్న దగ్గర ఆ జ్ఞానం ఆగిపోయింది. ఈలోగా నలభై వీడియోలు చూశాడు. పంతొమ్మిది కాలమ్స్‌తో ఎక్సెల్ షీటు తయారుచేశాడు. లేనిదల్లా సైకిల్ ఒక్కటే.

"ఎన్ని కిలోమీటర్లు తిరిగిందండీ?"

"ఫ్యాక్టరీకెళ్ళి వచ్చినన్ని."

"మడత దగ్గర వదులేమైనా..."

"పావుగంటలో మీరే ఆరుసార్లు మడిచారు. అప్పటిదాకా బాగానే ఉందండీ."

"వారంటీ?"

"ఉంది. మీరు గేటు దాటేదాకా."

వెంకటలక్ష్మి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో క్వాలిటీ చెకింగ్ చేస్తుంది. రోజూ కొన్ని వేల కాయల్ని, ఒక్కోదాన్నీ ఒక్క చూపులో పాసో ఫెయిలో తేల్చేస్తుంది. ఆ చూపు ఇప్పుడు ప్రవీణ్ మీద పడింది. ఫలితం మాత్రం బయటికి చెప్పలేదు.

ఇంతలో ఆమె తండ్రి పోతురాజు తోటలోంచి వచ్చాడు. ఆయన మామిడి తోటలు గుత్తకు తీసుకుంటాడు. చెట్లు పూత మీద ఉండగానే ఒక్క చుట్టు తిరిగి, అవునో కాదో చెప్పేస్తాడు. కాయ కనపడకముందే డబ్బు పెట్టే మనిషికి, కళ్ళెదుట ఉన్న సైకిల్‌ని ఇంతసేపు చూసే మనిషి వింతగానే కనిపించాడు.

"నచ్చిందా బాబూ?"

"నచ్చింది బాబాయ్ గారూ. కొంచెం ఆలోచించుకుని..."

"అయితే బయానా ఇచ్చి ఆలోచించుకో."

ప్రవీణ్ ఐదొందలు తీసి ఇచ్చాడు. అతని లెక్కలో బయానా అంటే ఆన్‌లైన్ షాపులో వస్తువుని కార్టులో పడెయ్యడం. అది అక్కడే పడుంటుంది, మనకేం అంటదు. మామిడి బేరాలు చేసేవాళ్ళకి బయానా అంటే మాట. పుచ్చుకున్నాక ఇంకో బేరగాణ్ణి తోటలో కాలు పెట్టనివ్వరు. పంతొమ్మిది కాలమ్స్‌లో ఈ సంగతికి చోటు దొరకలేదు.

రెండో ఆదివారం తుప్పు చూడ్డానికి వచ్చాడు. మూడో ఆదివారం కొత్త సైకిళ్ళ ఫొటోలు ప్రింట్ తీసి, పక్కన పెట్టి పోల్చుకోవడానికి వచ్చాడు. నాలుగో ఆదివారం చైను చూస్తానన్నాడు కానీ దానివైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఎందుకంటే వెంకటలక్ష్మి తలంటుకుని, అరుగు మీద కూర్చుని జుట్టు ఆరబెట్టుకుంటోంది. ఐదో ఆదివారం ఆమే పచ్చి మామిడి ముక్కలు ఉప్పూకారం అద్ది ప్లేటులో తెచ్చిపెట్టింది.

"ధైర్యంగా తినండి. కొత్తవే, సెకండ్ హ్యాండ్ కాదు."

పోతురాజుని బాబాయ్ గారూ అనడం మాత్రం ప్రవీణ్ రెండో వారానికే మానేశాడు. ఎందుకో తెలుసుకోవడానికి పెద్ద చదువులక్కర్లేదు. బాబాయ్ కూతురు చెల్లెలవుతుంది.

నిజానికి పాతదే కొనాలని అతను మొదటిరోజే తేల్చుకున్నాడు. కొనేస్తే మళ్ళీ ఆదివారం ఏ మొహం పెట్టుకుని రావాలి? అందుకని కొనకుండా చూస్తూ ఉండటమే మంచిదనుకున్నాడు. ఇది చాలా తెలివైన ప్లాన్ అని తనకి తనే సర్టిఫికెట్ కూడా ఇచ్చుకున్నాడు.

కథల్లో వాన పడితే హీరోయిన్ తడుస్తుంది. నూజివీడు వైపు మే నెలలో వాన పడితే కాయ రాలుతుంది. ఆరో ఆదివారానికి ముందురోజు సాయంత్రం గాలివాన అరగంటలో వచ్చి వెళ్ళిపోయింది. మర్నాడు ప్రవీణ్ వచ్చేసరికి వెంకటలక్ష్మి మోకాళ్ళదాకా బురదతో, రాలిన కాయల్ని గంపల్లోకి ఏరుతోంది.

మామూలు మనిషైతే వంగి నాలుగు కాయలు ఏరేవాడు.

"హ్యాండిల్ దగ్గర ఒకసారి చూద్దామని వచ్చానండీ," అన్నాడు ప్రవీణ్.

వెంకటలక్ష్మి గంప కింద పెట్టింది.

"చూడండి. ఇంకో ఏడాది చూడండి. మీ బయానా ఉందని ఇద్దరు బేరగాళ్ళని వెనక్కి పంపాను. ఈ సైకిల్ డబ్బులొస్తే మా ఫ్యాక్టరీలో సుసన్నా దగ్గర స్కూటీ తీసుకుందామనుకున్నా. సీజన్ కదా, డ్యూటీ అయ్యేసరికి బస్సుండట్లేదు, రాత్రిపూట అంత దూరం సైకిల్ తొక్కలేను. నిన్న ఆ స్కూటీ వేరేవాళ్ళకి ఇచ్చేసింది. మీకు మాత్రం హ్యాండిల్ చూడాలి!"

ప్రవీణ్ మొహం పాలిపోయింది. "నాకు తెలీదండీ. నిజానికి మొదటిరోజే కొందామనుకున్నాను. కొనేస్తే మళ్ళీ ఇక్కడికి రావడానికి కారణం ఉండదని..."

ఎట్టకేలకు మనసులో మాట బయటపడింది. ఇక ఆమె సిగ్గుపడి తల దించుకోవాలి. దించుకోలేదు.

"అంటే మీ ఆదివారాల కోసం నేను రోజూ ఆటోల్లో వేలాడానా? చెప్పాల్సింది సూటిగా చెప్పలేక సైకిల్‌ని అడ్డం పెట్టుకునే మనిషి రేపు ఇంకోదాన్ని అడ్డం పెట్టుకుంటాడు. అలాంటి మనిషిని ఎలా నమ్మాలండీ?"

లోపలికెళ్ళి ఐదొందల నోటు తెచ్చి అతని చేతిలో పెట్టింది. ప్రవీణ్‌కి ఏడుపొచ్చినంత పనైంది. సైకిల్ పోయినందుకు కాదు. ఆమె అన్న దాంట్లో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు.

ఆ వారమంతా అతనికి అన్నం సహించలేదు. బుధవారం ఎక్సెల్ షీటు డిలీట్ చేశాడు. గురువారం సెలవు పెట్టి బెజవాడ వెళ్ళి, కొత్త మడత సైకిల్ ఐదు నిమిషాల్లో కొనేశాడు. ఆమె సైకిల్ ఇక తన మూలంగా ఆగకూడదు. తనకీ ఆ ఇంటికి వెళ్ళడానికి సాకు మిగలకూడదు.

ఏడో ఆదివారం పోతురాజు అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. "రా బాబూ. ఇవాళ ఏం చూస్తావు, బెల్లా?"

"సైకిల్ కోసం రాలేదండీ. కొత్తది కొనేసుకున్నాను." ప్రవీణ్ తను తోసుకొచ్చిన కొత్త సైకిల్ హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నాడు. "మీ అమ్మాయి కోసం వచ్చాను. నాకు తనంటే ఇష్టం. పొమ్మంటే పోతాను, మళ్ళీ రాను. నా మూలంగా తన స్కూటీ పోయింది. తప్పు నాదే."

వెంకటలక్ష్మి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. పోతురాజు కూతుర్నీ అతన్నీ మార్చి మార్చి చూసి, గ్లాసు పక్కన పెట్టాడు.

"నీ మూలంగా పోయిందని ఎవరన్నారు? మా బేరాల్లో బయానాకి ఎనిమిది రోజులే గడువు. ఆలోపు డబ్బు కట్టకపోతే బయానా పోయినట్టే, సరుకు ఎవరికైనా అమ్ముకోవచ్చు. రెండో వారమే అమ్మెయ్యవే అన్నాను. ఇదే వద్దంది. పాపం, ఆయన ఆలోచించుకుంటున్నాడు నాన్నా, అంది."

"నాన్నా!"

ప్రవీణ్ ఆమె వైపు చూశాడు. వేల కాయల్ని ఒక్క చూపులో తేల్చే మనిషి ఇప్పుడు గడప మీంచి చూపు ఎత్తడం లేదు.

"మరి నన్ను అంతలా తిట్టారేంటండీ?"

"తిట్టక?" వెంకటలక్ష్మి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఆరు వారాలు చూశాను. తుప్పు గురించి అడిగారు, చైను గురించి అడిగారు. నన్ను ఒక్క మాట అడిగారా?"

"ఇప్పుడు అడుగుతున్నాను. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

"చేసుకుంటాను," అందామె వెంటనే.

జవాబు ఇంత త్వరగా వస్తుందని ప్రవీణ్ అనుకోలేదు. చేతిలో ఉన్న హ్యాండిల్ వదిలేశాడు. కొత్త సైకిల్ ధడాలున మట్టిలో పడింది. పోతురాజు ఒక్కడే లేచి వెళ్ళి దాన్ని పైకి తీశాడు.