ఔనని చెడ్డవాడు

"ఫిరంగి గారూ, ఒకసారి ఇటు రండి! మీరు చూసి చెప్తే రాసుకుంటాను," అని లెక్కల టీచరు కేకేసింది.

ఆవిడకి మూరెడు దూరంలో నేనున్నాను. నావి కళ్ళు కావా? పగలంతా వాచీల పొట్టలు విప్పి ఆవగింజంత మరలు ఏరే కళ్ళివి. వాచీలు బాగుచేసేవాడు బర్డ్ వాచింగుకు రాకపోతే ఇంకెవడొస్తాడని, ఆరు వారాలుగా ఊరి మధ్యనున్న ఈ చిత్తడి చెరువు చుట్టూ పళ్ళు టకటకలాడిస్తూ తిరుగుతున్నాను.

మా పక్షుల లెక్కకొక నియమం ఉంది. అనుమానమున్న పిట్టను ఇద్దరు చూసి ఔనంటేనే పుస్తకంలోకి ఎక్కుతుంది. ఆ రెండో మనిషిగా టీచరు పిలిచేది ఎప్పుడూ ఫిరంగినే. కెమెరాకి ఫిరంగి గొట్టమంత లెన్సు బిగించుకొస్తాడని మేం పెట్టిన పేరది. పైగా ఇవాళ నడక ముగిసేలోగా, ఈ చలికాలమంతా కలిసి లెక్కపెట్టడానికి ఇద్దరిద్దరుగా జోడీలు ఖాయం చేసుకోవాలి. పక్షులున్న చోట ప్రతిపక్షం ఉండదా మరి!

టీచరు ఫ్లాస్కు మూతలో కాఫీ పోసి అతనికిచ్చింది. పొగ కాఫీలోంచి వచ్చిందో నాలోంచి వచ్చిందో చెప్పలేను.

"ఏంటి వాచీ గారూ, మొహం ఆగిపోయిన గడియారంలా పెట్టారు?"

"నా సాక్ష్యం ఎందుకు పనికిరాదు టీచర్? మీరు చూపించినదాన్ని ఎప్పుడైనా కాదన్నానా?"

"అదే గొడవ! పోయిన వారం ముళ్ళకొమ్మకి ప్లాస్టిక్ సంచి తగులుకుంటే, కావాలనే కొంగ అని చూపించాను. మీరేమన్నారు?"

"ముక్కు... ఎంత బాగుందో అన్నాను," అని గొణిగాను.

"సంచికి ముక్కు! మీ మాట నమ్మి రాస్తే ఈ చెరువులో ఏనుగులు కూడా గుడ్లు పెడతాయి."

ఫిరంగి కిసుక్కున నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ చలిలో అదొక్కటే లాభం.

అంతలో టీచరు ఆగిపోయింది. "అదిగో, రెల్లులో... మెడ నిక్కించి నిలబడింది! పదేళ్ళుగా ఇక్కడ కనబడని రకం కొంగ! ఇద్దరూ చూడండి!"

"అదే టీచర్! సందేహమే లేదు!" అంటూ ఫిరంగి టపటపా ఫొటోలు తీశాడు. టీచరు అప్పుడే పుస్తకంలో రాసేసింది.

ఔనందామని నా నాలుక కూడా లేచింది. కానీ అతను ఔనన్న పక్షిలో ఒక్క వంకైనా దొరక్కపోతుందా అన్న కుళ్ళుతో, మొట్టమొదటిసారి నిజంగా చూశాను. గాలి వీచింది. రెల్లు వంగింది. ఆ మెడ వంగలేదు. రెక్క లేచింది. కింద సన్నటి ఇనుప పుల్ల.

"కాదు టీచర్. అది విరిగిన గొడుగు."

"అసూయ!" అన్నాడు ఫిరంగి.

"ఉంది. బోలెడుంది. అయినా గొడుగు గొడుగే."

టీచరు చాలాసేపు చూసింది. బైనాక్యులర్స్ దించి, రాసిన పంక్తి కొట్టేసింది. ఆవిడ కొంగను నేనే చంపినట్టనిపించింది. ఫిరంగి తన ఫొటో పెద్దది చేసి చూసుకుని, ఉన్నట్టుండి దూరంగా ఉన్న బాతులమీద మోజుపడి వెళ్ళిపోయాడు.

"కొంగ కావాలనుకున్నాను, కనిపించింది," అంది టీచరు మెల్లగా. "ఆయన నాకు నచ్చింది చెప్పారు. మీరు ఉన్నది చెప్పారు. ఇంకొక్కటి కూడా ఉన్నదున్నట్టు చెప్పండి. ఆరు వారాలుగా ఈ చలిలో వస్తున్నది పక్షుల కోసమేనా?"

నోటిదాకా వచ్చిన ఔనును మింగేశాను.

"కాదండీ."

టీచరు బుగ్గలు ఎర్రబడ్డాయి. చలికి కాదు. జోడీల కాగితం తీసి, తన పేరు పక్కనున్న ఖాళీ మీద వేలుపెట్టి, పెన్సిలు నా చేతికిచ్చింది.

"రాయండి. నేనిటు చూడనులే," అని చెరువు వైపు తిరిగింది.

తిరిగిందే గానీ, ఓరచూపు మాత్రం నా పెన్సిలు మీదే ఉంది.