సోమమ్మ మోరీ కాడ హారన్

చిట్యాల నుంచి మర్రిగూడ దిక్కు పోయే తొవ్వల, వాననీళ్లు అడుగుకెళ్లి పోయే ఒక మోరీ ఉన్నది. సోమమ్మ మోరీ అంటరు. పగటీలి చూస్తే ఏం లేదు... అటు పత్తిచేన్లు, ఇటు పత్తిచేన్లు, గోడ ఇరిగిన చిన్న మోరీ, దాని పక్కపొంటి గుబురుగ సర్కారు తుమ్మలు, ఒక మూలమలుపు. గంతే. కానీ పొద్దు గూకినంక గాడ బండి ఆపినోన్ని ఒక్కన్ని సూపియ్యుండ్రి, ఆని కాళ్లు మొక్కుత.

సోమమ్మ పత్తి ఏరే కూలిమనిషి. మూట నెత్తినవెట్టుకొని తొవ్వ దాటుతాంటె ఒక కారు గుద్దింది. నడిపెటోడు చెవుల మిషిని వెట్టుకొని ఫోన్ల ఎవరితోనో నగుకుంట మాట్లాడుతుండెనట. ఆమె ఒర్రింది, ఆనికి ఇనవడలే.

అప్పటిసంది... ఆ మోరీ కాడ ఫోన్ మాట్లాడుకుంట పోతె లైన్ల సోమమ్మ దూరుతదని చెప్తరు. మన ఇంటోళ్ల గొంతుతోనే పిలుస్తదట. పలికినమా, ఇగ మన పని ఖతమే. ఉత్తముచ్చట అనుకుందామంటె, గాడ పడ్డోళ్లు శానమంది ఉన్నరు. పడి లేవనోళ్లు గూడ ఉన్నరు.

అందుకే ఆ తొవ్వంట తిరిగే డ్రైవర్లు ఒక కాయిదా వెట్టుకున్నరు. మోరీ కనవడంగనే ఫోన్ బంద్ జెయ్యాలె. అద్దాలు ఎక్కియ్యాలె. హారన్ మీద చెయ్యి వెడితె మలుపు దాటెదాక తియ్యొద్దు. ఎవరు పిలిచినా ఆగొద్దు... పలుకొద్దు. కొత్తగ డ్రైవింగ్ నేర్చెటోనికి ముందుగాల్ల గిది చెప్తరు, గేర్ల ముచ్చట తర్వాత.

సాల్మన్ గూడ గట్లనే నేర్చుకున్నడు. ఆయనది మర్రిగూడ. సొంత కారు, కిరాయికి తిప్పుతడు. చర్చిల ముందు వరసల కూసుంటడు, దయ్యాలు గియ్యాలు లేవని అందరికి చెప్తడు. మోరీ కాడికి రాంగనే మాత్రం అందరికంటె గట్టిగ హారన్ కొట్టేది ఆయనే.

చలికాలం. పొద్దు జల్దిన గూకింది. పట్నంల కిరాయి దించి సాల్మన్ వాపసు వస్తాండు. చిట్యాల దాటిండో లేదో, ఫోన్ మోగింది. అత్తమ్మ జానమ్మ.

"అయ్యా సాల్మనూ... ఏడున్నవ్?"

"చిట్యాల దాటిన అత్తమ్మా. గొంతేంది గట్లున్నది?"

"విజేందర్... తొవ్వల పడ్డట్టున్నడయ్యా."

విజేందర్ అంటె జానమ్మ కొడుకు, సాల్మన్ భార్య మెర్సీకి ఒక్కగానొక్క తమ్ముడు. మామ ఇస్రాయేలు సచ్చిపోయినప్పుడు గింతంత పోరడు. చదివిచ్చింది సాల్మనే, చిట్యాలల దుకాన్ల పని చూపిచ్చింది సాల్మనే. రోజు పొద్దుమీకి మోటర్ సైకిల్ మీద ఇంటికొస్తడు. చెవుల మిషిన్లు, అక్కతోని ముచ్చట... ఇల్లు చేరెదాక లైన్ కట్ కాదు. మెర్సీ ఎన్నోసార్లు తిట్టింది. "చేతులు హ్యాండిల్ మీదనే ఉన్నయి గదక్కా, ఏమైతది" అంటడు.

అందరు గదే అంటరు. చేతులు హ్యాండిల్ మీదనే ఉంటయి నాయినా, కాదన్నదెవరు? సోయి ఏడున్నది? అది అక్క ఇంట్ల, పొయ్యికాడ, ఏం కూర వండిందో గాడ ఉన్నది. ఆడ మలుపొచ్చినా, మోరీ వచ్చినా కండ్లకు కనవడ్తది గానీ మనిషికి ఎక్కది.

ఆ రోజు గూడ గట్లనే మాట్లాడుతాండు. "మోరీ దగ్గరికొచ్చినట్టున్నవ్, ఇగ వెట్టెయ్ తమ్మీ" అన్నదట మెర్సీ. "ఎప్పుడో దాటినక్కా, నువ్వు చెప్పు" అన్నడట. అంతలోనే పెద్ద సప్పుడు... ఆ తర్వాత ఏం లేదు.

లైన్ మాత్రం కట్ కాలే.

"అప్పటిసంది మెర్సీ ఆ ఫోన్ చెవికాడికెళ్లి తీస్తలేదయ్యా," అన్నది జానమ్మ. "కట్ జేస్తె మల్ల కలుస్తదో కలువదో అని బుగులు. తమ్మీ తమ్మీ అనుకుంట కూసున్నది. అవుతల ఉలుకు లేదు పలుకు లేదు. మోరీ దాటిన అన్నడట... దాటినంక ఏడనో పడ్డడు. జర చూసుకుంట రాయ్యా."

సాల్మన్ ఫోన్ పక్క సీటు మీద పడేసిండు. పోరడు ఏ గుంతల పడ్డడో, నెత్తురు ఎంత పోతాందో, ఎవరన్న చూసిండ్రో లేదో... తొందరగ పోతె బతుకుతడు, ఆలస్యమైతె? ఆ మాట మనసుల గూడ అనుకోలేకపోయిండు. యాక్సిలేటర్ తొక్కిండు.

లైట్ల ఎలుగుల ఇరిగిన గోడ కనవడ్డది. సోమమ్మ మోరీ.

ఎంత తొందరున్నా కాయిదా కాయిదానే. ఫోన్ బంద్ జేసిండు. అద్దాలు ఎక్కిచ్చిండు. హారన్ మీద చెయ్యి వెట్టిండు. చూపు సక్కగ తొవ్వ మీద... తుమ్మల దిక్కు చూడొద్దు. పక్కకు అసలే చూడొద్దు.

మోరీ మీదికి ఎక్కిండు.

బండిల ఉన్న పాటల సెట్టు టక్కున ఎలిగింది. పాట లేదు, ఫోన్ బందున్నది... గుర్రుమని సప్పుడు. ఆ సప్పుడులకెళ్లి—

"తమ్మీ..."

మెర్సీ గొంతు.

"తమ్మీ... ఇనవడ్తాందా? ఒక్క మాట మాట్లాడు తమ్మీ..."

ఫోన్ చూసిండు. బంద్. నల్లగ, ఉలుకు లేకుండ పక్క సీటు మీద పడున్నది. గొంతు మాత్రం బండి నిండ వస్తాంది... నాలుగు స్పీకర్లల్ల, ముందటికెళ్లి, ఎనుకకెళ్లి. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతు. సాల్మన్ పెండ్లాం గొంతు సాల్మన్ కు తెల్వదా? గదే గొంతు. అచ్చం గదే.

"యేసయ్యా," అన్నడు మెల్లగ. "యేసయ్యా... నన్ను దాటియ్యి."

ఒక్క రెప్పపాటు గొంతు ఆగింది. తర్వాత గుసగుసగ—

"ఎవరు? ఎవరది?"

పలుకలే. పండ్లు కరిచివట్టి, హారన్ అదిమి, బండి ఉరికిచ్చిండు. మలుపు తిరిగిండు. గొంతు తునకలు తునకలయింది... గుర్రుమన్నది... ఆగిపోయింది.

శానదూరం పోయినంక గానీ హారన్ మీదికెళ్లి చెయ్యి తియ్యలే. అప్పుడు యాదికొచ్చింది, తను వచ్చింది విజేందర్ కోసమని. బండి నిమ్మలం జేసి రెండు పక్కల చూసుకుంట పోయిండు. గుంతలు చూసిండు, చెట్ల కిందికి లైట్ కొట్టిండు. మోటర్ సైకిల్ లేదు. మనిషి లేడు. ఫోన్ చాలు జేసిండు.

జేసుడే ఆలస్యం, మోగింది. జానమ్మ.

"సాల్మనూ, నువ్వు పోరని కాడికి వోయినవా?" ఎగపోసుకుంట అడుగుతాంది.

"లేదత్తమ్మా. ఇంకా దొరకలే. దేవులాడుతనే ఉన్న."

"మరి... మెర్సీకి నువ్వు ఇనవడ్డవయ్యా."

"ఎట్ల ఇనవడ్డ?"

"తమ్ముని లైన్లనే. మొదలు హారన్ ఇనవడ్డదట. ఆ ఎనుక నీ గొంతు... యేసయ్యా అన్నవట. ఎవరది అని అడిగింది గూడ. నువ్వు పలుకలేదట... ఏమాయెనయ్యా? పోరడు ఉన్నడా?"

సాల్మన్ పాటల సెట్టు దిక్కు చూసిండు.

మొన్న ఆదివారం చర్చికి వోయేటప్పుడు ముందు సీట్ల కూసొని పాటలు వెట్టింది విజేందర్. ఆని ఫోన్ ఈ సెట్టుకు బ్లూటూత్ తోని కలిపిండు. సాల్మన్ ఫోన్ చాలున్నంతసేపు సెట్టు దాన్నే పట్టుకుంటది. అది బందైతె... దగ్గర్ల తెలిసిన ఫోన్ ఇంకోటి ఉన్నదా అని దేవులాడ్తది. దొరికితె ఆ ఫోన్ల మాటలు బండిల ఇనవడ్తయి, బండిల మాటలు ఆ ఫోన్లకు పోతయి.

దగ్గర్ల. అంటె బండి పక్కనే.

విజేందర్ మోరీ దాటలే. దాటిన అని ఉత్తగ అన్నడు, అక్క ఫోన్ వెట్టేస్తదని.

బండి ఎట్ల తిప్పిండో, ఎట్ల వచ్చిండో సాల్మన్ కు ఎరుక లేదు. మోరీ మీద బండి ఆపిండు. లైట్లు చాలు వెట్టి, చీకట్ల, సర్కారు తుమ్మలల్ల వడి ముండ్లు గీరుకుంట కిందికి దిగిండు. దయ్యం యాదికి గూడ రాలే. మోరీ కిందనే మోటర్ సైకిల్, దాని పక్కన విజేందర్. కాలు తిరుగవడ్డది. నెత్తి పలిగింది. చెవుల మిషిన్లు ఊడి బురదల పడ్డయి. ఫోన్ చేతికి అందనంత దూరంల గడ్డిల ఎలుగుతాంది. అండ్లకెళ్లి సన్నగ "తమ్మీ... తమ్మీ..."

పానం ఉన్నది. ఆగుండ్రి, గాబరా కాకుండ్రి, పోరడు బతికిండు. ఇప్పుడు కట్టె వట్టుకొని నడుస్తాండు. కానీ ఆ పొద్దు బండిల జరిగిన ముచ్చట ఉన్నది సూడుండ్రి, సాల్మన్ గది చెప్పేటప్పుడు ఇప్పటికీ మొఖం పక్కకు తిప్పుకుంటడు.

పోరన్ని ఎనుక సీట్ల పండవెట్టిండు, ఆని ఫోన్ పక్కన వెట్టిండు, సెట్టు దాన్ని పట్టుకోవాలని తన ఫోన్ బంద్ జేసిండు. నల్గొండ దవాఖాన దిక్కు బండి ఉరికిచ్చిండు. సెట్టుల మల్ల మెర్సీ గొంతు వచ్చింది.

"దొరికిండా?"

"దొరికిండు. ఊపిరున్నది. నువ్వు ఏడ్వకు."

ఎనుకకెళ్లి సన్నగ మూలుగు. "బావా..."

"మాట్లాడకురా. దగ్గరికొచ్చినం."

"శాన బండ్లు వోయినయ్ బావా." మాట మాటకు ఊపిరి తీసుకుంటాండు. "పడ్డకాడికెళ్లి ఒర్రుతనే ఉన్న... కాపాడుండ్రి, కాపాడుండ్రి అని. మిషిన్లు బురదల పడ్డయి, అక్కకు గూడ ఇనవడలే. ఒక్కలు ఆగలే... అందరు హారన్ గొట్టుకుంట పోయిండ్రు."

సాల్మన్ స్టీరింగ్ గట్టిగ పట్టుకున్నడు. ఇన్నేండ్ల సంది గా మోరీ కాడ పడి లేవనోళ్లంత ఒక్కొక్కలే యాదికొచ్చిండ్రు. తెల్లారినంక పీనుగై దొరికినోళ్లు. సోమమ్మ తీస్కపోయింది అని ఊరంత అన్నది. ఆళ్లు గూడ ఒర్రి ఉంటరా? ఎంతసేపు ఒర్రి ఉంటరు?

"ఆఖరికి ఒక బండి వచ్చింది," అన్నడు విజేందర్. "ఆ హారన్ ఇనంగనే గుర్తువట్టిన. మా బావ వచ్చిండు, ఇగ ఫికర్ లేదు అనుకొని... ఒర్రుడు బంద్ జేసిన."

స్పీకర్లల్ల మెర్సీ ఊపిరి ఇనవడ్తాంది. అన్నీ ఇన్నది. ఏదన్న అంటదేమో, తిడ్తదేమో అని సాల్మన్ దవాఖాన దాక చూసిండు. ఆమె ఏమనలే. లైన్ గూడ కట్ చెయ్యలే.