చెవికి తగిలించిన లీటర్లు

2074 నాటికి పలమనేరు పశుక్షేత్రంలో ప్రతి దూడ చెవికీ ఒక ట్యాగు ఉండేది. దాని మీద వరస నంబరు, పక్కనే ఆ దూడ పెద్దయ్యాక రోజుకు ఇవ్వబోయే పాల లీటర్లు రాసి ఉండేవి.

ఆ జోస్యం క్షీరదర్శినిది. చుక్క రక్తం పోస్తే చాలు, ఆ యంత్రం జీనోమ్ అంతా చదివి లీటర్ల లెక్క చెప్పేస్తుంది. దాని కోసం డాక్టర్ మందాకిని ఇరవై ఏళ్లు పేడ వాసనలోనే బతికింది.

మొదటి విడత నలభై దూడలూ పెద్దవై ఈనాయి. వాటిలో ముప్పై ఎనిమిది ట్యాగు చెప్పినట్టే పాలిచ్చాయి. మందాకిని సంతోషానికి పట్టపగ్గాల్లేవు. మర్నాడు ప్రభుత్వ కమిటీ సంతకం పెడితే, దేశంలో ఏ దూడను పెంచాలో, దేన్ని వదిలించుకోవాలో ఇక తన యంత్రమే తేలుస్తుంది.

ఆఖరిసారి జాబితా చూస్తే అందులో ఎనిమిదో నంబరు లేదు, నలభై ఒకటి ఉంది. కొట్టం చూసుకునే చెంగల్రాయుణ్ణి పిలిచి అడిగింది.

"ఎనిమిది అచ్చిరాదు కదా మేడమ్. ఆ ట్యాగును పక్కన పెట్టి, ఎనిమిదో దూడకు తొమ్మిదో ట్యాగు వేసినాను. అట్లనే వరసగా పోయినాను. మిగిలిన ఎనిమిదిని నలభై ఒకటిగా దిద్ది కడాదానికి తగిలించినాను," అన్నాడు.

ఒక దూడ లీటర్లు ఇంకో దూడ చెవికి వెళ్లాయని మందాకినికి అర్థమైంది. వెంటనే అన్ని ఆవుల రక్తమూ తీయించి మళ్లీ యంత్రంలో పోయించింది.

"ముప్పై మూడు ట్యాగులు తారుమారయ్యాయి," అంది క్షీరదర్శిని. "పాలు రక్తంతో సరిపోవడం లేదు. ట్యాగుతో సరిపోతున్నాయి."

మేత సంగతి అడిగితే చెంగల్రాయుడు ఏమీ దాచలేదు. ముప్పై లీటర్ల ట్యాగున్న దూడలకు తవుడూ, వేరుశనగ చెక్కా, లేత గడ్డీ పెట్టాడట. తవుడు అన్నిటికీ చాలదనీ, ఐదు లీటర్లదానికి ఎండుగడ్డే ఎక్కువనీ అన్నాడు.

ఇరవై ఏళ్ల శ్రమ పోయిందని మందాకినికి ఏడుపొచ్చింది. అంతలోనే ఒళ్లు పులకరించింది. రక్తం మార్చకుండానే, ఒక అంకెతో పాలు పెంచవచ్చన్నమాట! కమిటీని రావద్దని చెప్పేసి, ఆ మధ్యాహ్నమే కొత్త దూడలన్నిటికీ ముప్పై లీటర్ల ట్యాగులే వేయించింది.

చెంగల్రాయుడు ఒక్కో చెవీ చూసుకుంటూ కొట్టం చివరిదాకా వెళ్లాడు. దిక్కుతోచక వెనక్కి వచ్చాడు.

"అన్నీ ముప్పైయే ఉండాయి మేడమ్. అట్లయితే వీట్లో దేనికి తవుడు తగ్గించాల?"