జ్ఞానకుమారి తీయని కిటికీ

ఏం జరిగినా జ్ఞానకుమారిది ఒకటే మాట, "దేవుడి చిత్తం." పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా దేవుడి చిత్తమే, డ్యూటీకి ఆలస్యమైనా దేవుడి చిత్తమే. ఓ ఆదివారం పాస్టరు గారు నవ్వుతూ, "పాలు పొంగించడానికి కూడా ఆయనే దిగి రావాలా అమ్మా? మనకంటూ ఒక ఇష్టం ఇచ్చాడు కదా, దాన్నేం చేసుకున్నావు?" అని అడిగారు. అందరూ నవ్వారు. కీబోర్డు దగ్గరున్న ఆస్టిన్ కూడా నవ్వాడు. ఆ నవ్వొక్కటీ ఆమె మరిచిపోలేదు.

ఉత్తరాదిన, జనక్‌పురిలో మూడో అంతస్తు, రెండు గదులు. ఒకటి ఆమెది, రెండోది షెరిన్‌ది. ఇద్దరూ నర్సులే. మన బాపట్ల పిల్ల కదా అని షెరిన్‌ని తెచ్చి ఇంట్లో పెట్టుకున్నదీ, చర్చికి తీసుకెళ్లిందీ జ్ఞానకుమారే. మూడేళ్లు ముందు వరసలో కూర్చున్నా ఆస్టిన్ ఆమెతో "వందనాలు సిస్టర్" దాటి మాట్లాడింది లేదు. నిన్నగాక మొన్న వచ్చిన షెరిన్‌ని అతని తల్లి కోడలిగా అడిగింది. ఆ రోజు నుంచి జ్ఞానకుమారికి అన్నం సయించడం లేదు. షెరిన్ నవ్వినా ఒళ్లు మంటే, దగ్గినా ఒళ్లు మంటే.

జనవరిలో ఒక రాత్రి కరెంటు పోయింది. వీధంతా పొగమంచు. షెరిన్‌కి జ్వరం. కింది ఇంటి ఆంటీ నిప్పులు పోసిన అంగీఠీ, అదే బొగ్గుల కుంపటి, తెచ్చిచ్చి, "ఖిడ్కీ ఖులీ రఖ్నా బేటా" అని, కిటికీ తెరిచే ఉంచమని చెప్పి వెళ్లింది.

"చలికి కిటికీ మూసేశానక్కా. మాత్ర వేసుకున్నా, నాకిక ఒళ్లు తెలీదు. కాసేపాగి కిటికీ తీసి, ఇది బయట పెట్టేస్తావా?"

"సరేలేవే, పడుకో."

మూసిన గదిలో బొగ్గులు ఏం చేస్తాయో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. ఆ విషవాయువుకి నిద్రలోనే పోయినవాళ్లని ప్రతి చలికాలం క్యాజువాలిటీలో చూస్తున్నదే.

తన గదిలోకి వచ్చి పడుకుంది. గోడ అవతల షెరిన్ దగ్గుతోంది. బొగ్గు వాసన తలుపు కింది నుంచి సన్నగా వస్తోంది. లేవాలి అనుకుంది. ఆస్టిన్ పక్కన పెళ్లిబట్టల్లో షెరిన్ కళ్లకి కట్టింది. లేవలేదు.

దగ్గు ఆగిపోయింది.

"బతకాలని ఆయన చిత్తమైతే అదే లేస్తుంది," అని గొణుక్కుంది. "ఇందులో నాదేముంది?"

మంచం కిర్రుమంది... ఆమె కదలలేదు. కానీ ఆమె పక్క నుంచి ఎవరో లేచారు.

చెప్పులు ఈడ్చుకుంటూ నడిచే అడుగులు. అచ్చం తను నడిచినట్టే... పక్క గది కిటికీ తెరుచుకుంది. నిప్పుల మీద నీళ్లు పోసిన చప్పుడు... సుయ్‌య్... తర్వాత ఎవరో మెల్లగా పాట తీశారు. అది ఆమె గొంతే.

లేవబోయింది. వేలు కూడా కదల్లేదు. అరవబోయింది. నోరు పెగల్లేదు.

చెవి దగ్గర చల్లటి గుసగుస. "నాదేముంది అన్నావుగా... నువ్వు వదిలేసిన నీ ఇష్టాన్నే నేను. అందుకే వచ్చేశాను."

తెల్లారింది. వంటింట్లో టీ మరుగుతున్న వాసన.

"నువ్వు లేకపోతే పోయేదాన్నక్కా," షెరిన్ గొంతు. "రాత్రంతా నా తల దగ్గరే కూర్చున్నావు. చేతులే... అంత చల్లగా ఉన్నాయేంటి?"

జ్ఞానకుమారి మంచం మీదే ఉంది, కట్టెలా. అది నేను కాదే, అని లోపల్లోపల మొత్తుకుంది.

కాసేపటికి ఆస్టిన్ వచ్చాడు. "నీ రుణం తీర్చుకోలేను కుమారీ," అన్నాడు. మూడేళ్లలో మొదటిసారి పేరు పెట్టి పిలిచాడు. పిలిచింది తనని కాదు. షెరిన్ మీద కూడా ఎన్నడూ పుట్టనంత అసూయ పుట్టింది ఆమెకి, తన గొంతుతోనే నవ్వుతున్న దాని మీద.

"అక్కా, నీ గదిలో ఏదో మూలుగు..."

"కిటికీ కొట్టుకుంటోందేమో, మూసొస్తానుండు."

చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చింది. తలుపు తీసింది. తన మొహమే, తన నవ్వే. చేతిలో అంగీఠీ. దాన్ని మంచం పక్కన పెట్టి, కిటికీ మూసి, గడియ పెట్టి, వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది.

"దేవుడి చిత్తం," అంది మెల్లగా. తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది.

అంగీఠీలోంచి రాత్రి పోసిన నీళ్లు ఇంకా నేల మీదకి కారుతున్నాయి. తడి బొగ్గులు ఒక్కొక్కటే... ఎర్రబడుతున్నాయి.