అట్టముక్క మీద పెన్సిల్ గీత

“ఇంటర్‌కూలర్ సరిగ్గా ఈ అట్టముక్కంత ఉండాలి. అంగుళం తగ్గినా ఒప్పుకోను,” అంటూ ఆమె అట్టను నా షెడ్డులో బల్ల మీద పడేసింది.

పలకరింపు లేదు, పాడూ లేదు. మూడు వారాలుగా ఇదే వరస. అయినా రోజూ ఆమె కోసం గేటు వైపు చూసేవాణ్ణి, సిగ్గులేకుండా.

ఆ అట్ట వాళ్ల నాన్నగారు కత్తిరించింది. ఆయనా మెకానిక్కే. పక్షవాతంతో మాట పడిపోయింది, టర్బో పెట్టాలనుకున్న కారు సగంలో ఆగిపోయింది. ఆయనకు చెప్పకుండా దాన్ని పూర్తిచేయించి, ఒక్కసారైనా ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని నడపాలన్నది ఆమె పంతం.

కొలిచి చూసి నీరుగారిపోయాను. “చిన్న ఇంజిన్‌కి ఇది మరీ పెద్దదండీ.”

“పెద్దదైతే గాలి ఇంకా చల్లబడుతుందిగా?”

“చల్లబడుతుంది. కానీ టర్బో తోసే వేడిగాలి ముందు దీని కడుపు నింపాలి, ఆ తర్వాతే ఇంజిన్‌కి. మీరు యాక్సిలరేటర్ తొక్కితే బండి ఆలోచిస్తూ కూర్చుంటుంది.”

“అంటే మా నాన్నకి పని రాదంటారు!”

ఆమె కళ్లు తడిశాయి. సరేననేద్దామనిపించింది. కానీ ఆ కారు విషయంలో అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

“నేను పెట్టనండి. కావాలంటే ఇంకో షెడ్డుకి తీసుకెళ్లండి.”

ఆమె విసవిసా వెళ్లిపోయింది. అట్ట ఉండిపోయింది.

సాయంత్రం, ఆమె దాచిన సంగతి బయటపడినా సరే అనుకుని, దాన్ని వాళ్లింటికి తీసుకెళ్లి, పెద్దాయన ఒళ్లో పెట్టాను. ఆయన చెవి మీద ఇంకా పెన్సిల్ ఉంది.

“మేస్త్రీగారూ, ఈ అట్ట బంపర్ వెనక ఉన్న ఖాళీ కొలత. లోపల సన్నగా గీసిన గీత ఇంటర్‌కూలర్ కొలత. అంతేనా?”

ఆయన వేలు ఆ గీత వెంట మెల్లగా తిరిగింది. తల ఊపారు.

గుమ్మంలో నిలబడి చూస్తున్న ఆమె ఏడ్చేసింది. “నాన్న గీసిన గీత నాకెందుకు కనపడలేదు?”

“నాకూ కనపడలేదండీ. మీరెళ్లాక దాన్నే పట్టుకుని కూర్చుంటే కనపడింది.”

“ఎందుకు కూర్చున్నారు?”

“మీరిక రారేమోనని.”

ఆమె నాన్నగారి ఒళ్లోంచి అట్ట తీసి మళ్లీ నా చేతికిచ్చింది.

పదిరోజులకు కారు రోడ్డెక్కింది. ఆమె నడుపుతోంది, పక్కన నాన్నగారు, వెనక నేను. ఆమె తొక్కగానే బండి తడబడకుండా వేగం అందుకుంది. పెద్దాయన శబ్దం లేకుండా నవ్వారు. చెవి మీది పెన్సిల్ తీసి, వెనక్కి చెయ్యి చాపి నా చేతిలో పెట్టారు.

“ఆ పెన్సిల్ నన్నే ముట్టుకోనిచ్చేవారు కాదు,” అంది ఆమె, అద్దంలో నన్ను చూస్తూ. “ఇంక రాకుండా ఎలా ఉంటాను?”