రెండో కోటు

పాలు పొంగబోతుండగా ఫోన్ మోగింది. కొత్త కోడలు స్టవ్ కట్టేసి, తడి చెయ్యి తుడుచుకుని, స్పీకర్ నొక్కింది.

"భయపడాల్సిందేమీ లేదమ్మా," అంది నోటి డాక్టరు. "పరీక్షలో చెడ్డదేమీ రాలేదు. మీ అత్తగారి నాలుక మీద తెల్లపొర ఈస్ట్ అనే ఫంగస్ వల్ల వచ్చింది. మందుకి లొంగుతుంది."

ఇల్లంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. పళ్ళు తోముకుంటున్న కోడలి భర్త నోటినిండా నురగతో బాత్రూంలోంచి పరిగెత్తుకొచ్చి ఆమెను గిరగిరా తిప్పేశాడు. కొత్త చుడీదార్ మీద నురగ చిందింది. చిందనీ అనుకుందామె. అత్తగారిది బస్‌స్టాండు మైకులో ప్రకటనలు చెప్పే ఉద్యోగం. నోట్లో పుండ్లు లేచినప్పటినుంచి సెలవు పెట్టి, నోటికి తాళం వేసుకున్నట్టే ఉంటోంది. ఇప్పుడు కళ్ళు మూసుకుని కుర్చీలో వెనక్కి వాలింది. ఇళ్ళకు రంగులు వేసే మావగారు ఆవిడ భుజం మీద చెయ్యి వేశాడు.

"ఎందుకొచ్చింది డాక్టర్?" అడిగింది కోడలు.

"పుండ్లకిచ్చిన స్టెరాయిడ్ పేస్టు ఎక్కువైతే వస్తుంది. అది మంటతోపాటు నోటికుండే కాపలానీ నిద్రపుచ్చుతుంది. ఈస్ట్‌కి అదే సందు. పల్చగా ఒక్క పొర రాయమన్నాను కదా, మీరెంత రాస్తున్నారు?"

మావగారి చెయ్యి భుజం మీంచి జారిపోయింది.

రోజూ సాయంత్రం ఆయన కిటికీ వెలుగులో భార్య గడ్డం పట్టుకుని, ఊపిరి బిగబట్టి, దూదిపుల్లతో మందు అద్దడం కోడలు చూస్తూనే ఉంది. అద్దాక ఆరిందో లేదో చూసి, "ఉండు, రెండో కోటు," అనేవాడు. తెల్లపొర కనబడగానే పుండ్లే ముదిరాయనుకుని మూడోదీ మొదలుపెట్టాడు.

"పేస్టు మొత్తం మానొద్దు, పుండ్లు మళ్ళీ రేగుతాయి," అంది డాక్టరు. "పల్చగా రాయండి. ఈస్ట్‌కి చుక్కల మందు విడిగా ఇస్తాను." ఫోన్ పెట్టేసింది.

"అది నోరా, గోడా నాన్నా?" అన్నాడు కొడుకు.

మావగారి ముఖం పాలిపోయింది. "ఒక్క కోటుతో పని వదిలేయడం నాకు చేతకాదురా. నా చేత్తో నేనే జబ్బు అంటించాను. ఇంక ఆ ట్యూబు ముట్టను. కోడలే రాస్తుందిలే." లేచి బాల్కనీలోకి వెళ్ళి, అందరికీ వీపు చూపించి నిలబడ్డాడు.

ఆ సాయంత్రాలు ఆగిపోతాయనుకుంటేనే కోడలి గుండె కలుక్కుమంది. పెళ్ళంటే ఏమిటో తనకు ఆ కిటికీ దగ్గరే కొంచెం కొంచెం అర్థమవుతోంది మరి.

"ఒరేయ్," అంది అత్తగారు. ఇన్నాళ్ళకి గట్టిగా విన్న ఆ గొంతుకి కొడుకు ఉలిక్కిపడ్డాడు. "పొద్దంతా నిచ్చెనెక్కి దిగి ఒళ్ళు హూనమై వచ్చి కూడా, మీ నాన్న చెయ్యి నా నోటి దగ్గర ఒక్కనాడూ వణకలేదు. నాకు నొప్పని తాను మొహం చిట్లించుకునేవాడు. నువ్వు నీ పెళ్ళానికి అందులో సగం చెయ్యి, చాలు."

కొడుకు తలదించుకుని బాల్కనీలోకి వెళ్ళాడు. "తప్పయింది నాన్నా."

ఆయన తిరగలేదు. భుజాలు మాత్రం కదిలాయి.

"ఏమయ్యా," అంది అత్తగారు, "కోడలి చేత రాయించుకోవడం నాకు రాదు. నువ్వే రాయాలి. తక్కువ రాయడం నేర్చుకో."

"నేను పక్కన నిలబడి కాపలా కాస్తాను మావయ్యా," అంది కోడలు. "రెండోసారి బ్రష్ ఎత్తారంటే విజిల్ వేస్తాను."

తడి కళ్ళతో నవ్వుతూ ఆయన వెనక్కి తిరిగాడు. అత్తగారు మంటని పంటి బిగువున ఆపుకుని, చెమ్చా మైకులా పట్టుకుంది. ఊరి ప్రయాణికులందరికీ తెలిసిన ఆ గొంతు వంటింట్లో మోగింది.

"దయచేసి వినండి. ఈరోజు సాయంత్రం కిటికీ దగ్గర మందు రాయబడును. రాసేది మా ఆయనే. ఒక్క కోటు మాత్రమే."