కార్తీకంలో కొత్త పన్ను

పొద్దున్నే స్నానం చేసి దేవుడి గదిలో కూర్చున్న కుమారస్వామి సహస్రనామం మొదటి శ్లోకంలోనే ఆగిపోయాడు. ముందు పన్ను విరిగిన సందులోంచి గాలి ఈల వేసింది.

"మాధవీ! నీ కంప్యూటర్ పన్ను పట్టుమని వారం ఉండలేదు."

మాధవీలత జడ అల్లుకుంటూ వచ్చింది. అమలాపురంలో పళ్ళ డాక్టరు హరిబాబు గారి దగ్గర, నోటిని చిన్న కెమెరాతో స్కాన్ చేసి, కంప్యూటర్లో పన్ను గీసి, మిషన్ మీద చెక్కించే పని ఆమెది. కొబ్బరితోటలో జారిపడి తండ్రికి పన్ను ఊడితే డాక్టరుగారు దవడలో ఇంప్లాంటు, అంటే పన్నుని నిలిపే మరమేకు, బిగించారు. అది ఎముకలో కుదురుకునేవరకు పెట్టుకునే తాత్కాలికపు పన్ను ఆమే చేసింది.

"సాయంత్రం రామాలయంలో పారాయణ. ఏళ్ళ తరబడి నేనే చెప్పిస్తున్నాను. ఇప్పుడు ఈలేస్తూ చెప్పనా? కన్నతండ్రికే సరిగ్గా చెయ్యలేనిదానివి ఊళ్ళోవాళ్ళకేం చేస్తావు? ఇంక ఆ పనికి వెళ్ళక్కర్లేదు."

ఆమె ముఖం పాలిపోయింది. "ఎలా విరిగింది నాన్నగారూ?"

"విరిగింది. అంతే."

వంటింట్లోంచి భార్య సీతారత్నం వచ్చింది. "దాని పని మాన్పించే ముందు నిజం చెప్పండి. నిన్న గుళ్ళో కొబ్బరిముక్క కొరికేరా లేదా?"

"ప్రసాదం ఒద్దంటానేంటే?"

"ఒద్దనమన్లేదండి. ఇంటికి తెస్తే కోరి పెడుదును. కొబ్బరికోరు తింటే దేవుడు కాదంటాడా?"

మాధవీలత కళ్ళు తుడుచుకుంది. "అది కొరకడానికి కాదండి, మాట్లాడ్డానికి. పన్ను పోతే మళ్ళీ చేస్తాను. లోపల ఇంప్లాంటు కదిలిందేమోనని నా భయం. బయల్దేరండి. పని మాత్రం నేను మాననండి."

కూతురు తన మాట కాదనడం కుమారస్వామి వినడం అదే మొదలు. చెప్పులు తొడుక్కున్నాడు.

డాక్టరుగారు ఎక్స్‌రే తీసి, ఇంప్లాంటు కదల్లేదన్నారు. పాత స్కాన్ కంప్యూటర్లోనే ఉంది. మాధవీలత అంచు కొంచెం మార్చి మిషన్‌కిచ్చింది. కొత్త పన్ను బిగించాక తండ్రి ఎదుట నిలబడింది.

"శుక్లాంబరధరం చెప్పండి నాన్నగారూ."

చెప్పాడు. ఈల లేదు.

"పాత పన్నుకి 'స' దగ్గర కాస్త గాలి పోయేదండి. అందుకే అంచు మార్చేను."

"నేను చెప్పలేదే! నీకెలా తెలిసింది?"

"రోజూ తలుపవతల కూర్చుని వింటాను కదండీ."



సాయంత్రం పారాయణ ఎక్కడా తడబడకుండా సాగింది. పూజారిగారు చేతిలో పెట్టిన కొబ్బరిముక్కని కుమారస్వామి కళ్ళకద్దుకుని ఉత్తరీయం కొంగున ముడివేసుకున్నాడు.

"ఏం బావగారూ, తినరా?" అన్నాడు పక్కనున్న శ్యామ్ బాబు.

"ఆయ్, ఇంటికెళ్ళి కోరించుకుని తింటానండి. ఈ పన్ను మా అమ్మాయి చేసింది. కొరకొద్దంది. దాని పని దానికి తెలుసు." గుడంతా వినేలా అన్నాడు.

ఆడవాళ్ళ వరసలో మాధవీలత చెంగుతో ముఖం కప్పుకుంది.